బీరువాలో తాళం పడిన చక్రాలు

మొన్న బరంపురంలో ఒక శిక్షణ సంస్థవాళ్ళు నన్ను మాట్లాడమని పిలిచారు. సైన్యంలో సరఫరా విభాగాల్లోకీ, విదేశాల్లో శాంతి దళాలకు సామాన్లు కొనే ఆఫీసుల్లోకీ వెళ్ళబోయే పిల్లలు అక్కడ చదువుకుంటున్నారు. మెట్లెక్కుతుండగానే నిర్వాహకుడు నా చెయ్యి పట్టుకుని, ‘అయ్యా’ అనడానికి ఒడియావాళ్ళు వాడే మాటతో, “ఆజ్ఞా, పిల్లలకి ఉత్సాహం వచ్చేలా చెప్పండి, చేదు విషయాలు వద్దు” అన్నాడు. నేను చేదుతోనే మొదలుపెట్టాను. కాసేపటికి ఆయన వేదిక ఎక్కి, నేను వాక్యం మధ్యలో ఉండగానే నాకు శాలువా కప్పేశాడు. చప్పట్లు కొట్టించాడు. అయిపోయింది.

మనవాళ్ళు శాలువా కప్పి నోరు మూయించినంత మర్యాదగా ఇంకెవరూ మూయించలేరు. అందుకని మిగతాది ఇక్కడ రాస్తున్నాను. ఉద్యోగంలో చేరబోయే పిల్లలు చదువుకోండి. ఉత్సాహం రాకపోతే నన్ను తిట్టుకోండి, ఫరవాలేదు.

పడవకూ ఒక వాటా

నేను పుట్టింది పొడంపేటలో, రుషికుల్య సముద్రంలో కలిసే చోటికి దగ్గర. ఇళ్ళలో తెలుగు, బజారులో ఒడియా, పడవ మీద రెండూ కలిపిన తిట్లు. వేట నుంచి పడవ రాగానే చేపలు అమ్మి, వచ్చినదాన్ని అక్కడే ఇసుకలో కూర్చుని పంచుకుంటారు. వెళ్ళిన ప్రతి మనిషికీ ఒక వాటా, వల గలవాడికి ఒక వాటా. ఆ మనుషులతో పాటు పడవకూ ఒక వాటా తీస్తారు. తారు, తాడు, మేకులు, ఇంజిను సామాను అన్నీ అందులోంచే. ఇంట్లో బియ్యం నిండుకుంటే పక్కింట్లో బదులు తెచ్చుకుంటారు గాని పడవ వాటా ముట్టరు.

మా చిన్నాన్న ఒక ఏడాది ముట్టాడు. అమ్మవారి సంబరానికి పెద్ద మైకుసెట్టూ, డాన్సు పార్టీ పెట్టించి ఊళ్ళో గొప్ప అనిపించుకున్నాడు. మర్నాడు వేటకు రమ్మంటే ఒక్కడూ కదల్లేదు. ఎవరూ తిట్టలేదు, పంచాయితీ పెట్టలేదు. పక్కింటి ఎర్రయ్య మాత్రం మొహమ్మీదే చెప్పేశాడు. “నీ పడవ నానెక్కను మావా. దాని కూడు నువ్వు తినీసినావు.” చిన్నాన్న ఆ వాటా మళ్ళీ కూడబెట్టి, పడవకు మరమ్మతు చేయించి అందరికీ చూపించేదాకా అది ఒడ్డునే పడి ఉంది.

కొనుగోళ్ళ గురించి నేను తర్వాత చాలా శిక్షణలు పొందాను. ఇంతకన్నా పెద్ద మాట ఎవరూ చెప్పలేదు. కొన్న వస్తువు కూడా తింటుంది. దాని తిండి తీసిపెట్టకుండా కొనేవాడు తెలివితక్కువవాడైనా అయ్యుండాలి, దాన్ని తాను ఎక్కి నడపనక్కరలేని పెద్దమనిషైనా అయ్యుండాలి. నా ఉద్యోగమంతా ఆ రెండోరకం వాళ్ళ కిందే గడిచింది.

సుద్దగీత పెట్టిన బ్యాటరీ

సైన్యంలో బళ్ళూ ఇంజిన్లూ బాగుచేసే విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. తర్వాత ఆఫ్రికాలో ఒక దేశంలో ఉన్న శాంతి దళానికి సరఫరా అధికారిగా వెళ్ళాను. దేశం పేరు రాయను. ఎక్కడైనా ఇదే కథ గనుక పేరుతో పనిలేదు.

శాంతి దళమంటే నానా దేశాల సైనికులు. కొట్లాట ఆగిన చోట అది మళ్ళీ రాజుకోకుండా కాపలా కాస్తారు. వాళ్ళ సామానులో కొంత దళమే కొంటుంది. కొంత సైనికుల్ని పంపిన దేశమే వెంట తెచ్చుకుని, దానికి అద్దె తీసుకుంటుంది. బండి నడిచే స్థితిలో ఉంటేనే అద్దె. చూడ్డానికి ఇది బాగానే ఉంటుంది. కాని తనిఖీ రోజున ఒక్క పూట నడిస్తే చాలునని అందరికీ తెలుసు.

ఒక శిబిరంలో తెల్లరంగు బళ్ళన్నీ బారుగా నిలబెట్టారు. నేను మీట తిప్పమంటే తిప్పుతున్నారు, ఇంజిను పలుకుతోంది. నాకెందుకో అనుమానం వచ్చి, ఒక బ్యాటరీ మీద సుద్దతో చిన్న గీత గీశాను. ఆ గీత ఆ పూటంతా నాకు బండి తర్వాత బండిలో ఎదురొస్తూనే ఉంది. పెళ్ళిచూపులకు పక్కింటి గొలుసు వేసుకున్నట్టు, ఒకే బ్యాటరీ అన్ని బళ్ళకూ తిరిగింది. ఆ బళ్ళలో ఒకటి అంబులెన్సు.

అడిగితే అక్కడి అధికారి నవ్వాడు. “అందరూ చేసేదేగా” అన్నాడు. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. అందరూ చేసేదే. గాయపడ్డవాడు ఆ అంబులెన్సులో పడుకుని, అది కదలక, అక్కడే ప్రాణం పోగొట్టుకుంటే అప్పుడు మాత్రం వాడొక్కడే పోతాడు. అందరూ పోరు.

మీరు తనిఖీకి వెళితే కబురు పెట్టి వెళ్ళకండి. బళ్ళను వరసలో చూడకండి, రోడ్డు మీద చూడండి. డ్రైవరును పక్కకు పిలిచి టీ పోయించండి. బండి సంగతి వాడు చెప్పినంత ఇంకెవరూ చెప్పరు.

నిజాయితీపరుడైన పెద్దసారు

మా సరఫరా విభాగం అధిపతిని పెద్దసారు అందాం. చలిదేశం మనిషి. ఎవరి దగ్గరా కప్పు కాఫీ కూడా ముట్టనివాడు. దొంగ అయ్యుంటే నాకింత కోపం ఉండేది కాదు. దొంగను పట్టుకోవచ్చు, పట్టించవచ్చు. ఈయన్ని ఏం చేస్తాం?

కొనుగోళ్ళలో దొంగతనం ఆపడానికి పైవాళ్ళు అంచెలంచెలుగా నియమాలు పెట్టారు. అవి అవసరమే. నకిలీ సామాను వల్ల మనుషులు పోయాకే అవి పుట్టాయి. నేనూ వాటిని చాలాకాలం సమర్థించాను. కాని ఆ అంచెల్లో ప్రతివాడి పనీ “నేను తప్పు చేయలేదు” అని చూపించుకోవడమే. వస్తువు సమయానికి చేరిందా అన్నది ఎవరి పనీ కాదు. దొంగతనం జరిగితే ఒకడు జైలుకెళ్తాడు. ఆలస్యం జరిగితే ఎవడూ వెళ్ళడు. వెళ్ళడు సరికదా, అంత జాగ్రత్తగా ఉన్నందుకు మెచ్చుకోలు కూడా వస్తుంది.

ఏటి అవతలి ఊరు

మా శిబిరం ఒక పెద్ద ఏటి ఒడ్డున ఉండేది. అవతల కాస్త ఎగువన ఒక ఊరు. దానికి రోడ్డు లేదు. ఆ ఊరి మీద అడవిలోని సాయుధ ముఠాకు చాలాకాలంగా కన్ను ఉంది. మా దళం పడవల మీద రోజూ అటు గస్తీ తిరుగుతుందనీ, కబురు పెడితే వెంటనే వస్తామనీ ఊరివాళ్ళకు మాట ఇచ్చాం. ముఠా భయంతో పారిపోయి అడవుల్లో దాక్కున్నవాళ్ళు ఆ మాట నమ్మే తిరిగొచ్చి ఇళ్ళు కట్టుకున్నారు.

పడవలు నడిపే దళం మన దేశానిదే. వాటి బాధ్యత హవల్దారు కామయ్యది, మా గంజాం తీరంలోనే ఉన్న సోనేపూర్ మనిషి. అంత దూరదేశంలో మా ఇద్దరికీ ఒక యాస దొరికింది. పగలంతా హిందీ, ఇంగ్లీషు మాట్లాడి, సాయంత్రం “ఏటి సార్, ఏటి కత” అని అతను పలకరిస్తే నాకు సగం అలసట తీరేది.

మా దుబాసీ మార్త ఆ అవతలి ఊరి ఆడపిల్లే. బడిపంతులమ్మగా చేసి మా దగ్గర చేరింది. తల్లి ఊళ్ళోనే ఉండేది. మేకల్ని వదిలి రానని మొండికేసింది. గస్తీ పడవ అటు వెళ్ళినప్పుడల్లా ఆ పెద్దామె ఒడ్డుకొచ్చి, కూతురికిమ్మని పొగలో ఎండబెట్టిన చేపల మూట కామయ్య ఒళ్ళో పడేసేది. మార్త అందులో సగం పడవవాళ్ళకే పెట్టేది. “మన ఉప్పుసేపకంటే బాగున్నాది సార్. మా ఆవిడికి మాత్రం సెప్పకండి” అనేవాడు కామయ్య.

పడవలు కొత్తవి. బ్యాండు వాయించి, రిబ్బను కత్తిరించి ఏట్లో దించారు. వాటి ఇంజిను వేడెక్కకుండా ఏటినీళ్ళనే లోపలికి లాగే పంపు ఒకటి ఉంటుంది. ఆ పంపులో రబ్బరు రెక్కల చక్రం. అరచేతిలో పట్టేంత ఉంటుంది. తేట నీళ్ళలో చాలాకాలం వస్తుంది. ఇసుక కలిసిన నీళ్ళలో రెక్కలు అరిగిపోతాయి. రుషికుల్య ముహాణలో, అంటే ఏరు కడలిలో కలిసే చోట, ఇంజిను పడవ నడిపే ఎవరైనా ఈ చక్రం ఒకటి అదనంగా దగ్గర పెట్టుకుంటారు. మా ఏరు వర్షాకాలంలో బురద. పడవలు కొన్నవాళ్ళు చక్రాలు కొనలేదు. చక్రాలు వేరే పద్దు కింద, వేరే టెండరులో వస్తాయట. ధర తక్కువ చూపించారని పడవల కొనుగోలుకు మాత్రం ప్రశంసాపత్రం వచ్చింది.

మొదటి వానలకే చక్రాలు అరగడం మొదలైంది. నేను అర్జీ పెట్టాను. మళ్ళీ పెట్టాను. ఇంజిన్లు కాలిపోతాయని చివరికి గస్తీ ఆపేశారు. ఆమోదం పొందిన విడిభాగాలు వచ్చేదాకా పడవలు ఒడ్డునే ఉండాలని ఆర్డరు. మార్త రోజూ నా గదికొచ్చి, “ఇవాళ వచ్చాయా?” అని అడిగేది. మొదట్లో మామూలుగా అడిగేది. తర్వాత తర్వాత గుమ్మంలో నిలబడి చూసి వెళ్ళిపోయేది.

దండాసి కొట్లో

ఆ రోజుల్లోనే సెలవు మీద ఇంటికొచ్చాను. మా బావమరిది దండాసికి గంజాంలో పడవ ఇంజిన్లు బాగుచేసే కొట్టు ఉంది. వెళ్ళి కూర్చుంటే అక్కడ మేకుకు దండలా గుచ్చి వేలాడుతున్నాయి, అవే చక్రాలు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. సంగతి చెప్పాను.

“ఏటి బావా, ఇమానాలున్నాయి, ఎలికాప్టర్లున్నాయి అంతావు. ఈ రబ్బరు సెక్రం నేక పడవలు ఒడ్డునెట్టీసినారా?” అన్నాడు.

“ఆర్డరెట్టినాం రా. వస్తాది.”

“ఎప్పుడొస్తాది?”

“తెలీదు.”

“మరందాకా ఆ ఊరోల్లు ఏటైపోతారు?”

వాడు ఇంకేమీ అడగకుండా కొట్టు మూసి నన్ను బరంపురం తీసుకెళ్ళాడు. ఆ ఇంజిను కంపెనీ డీలరు దగ్గర సీలు విప్పని డబ్బాల్లో చక్రాలు కొన్నాం. అదే కంపెనీ, అదే నంబరు. ఇంట్లో బట్టలు సర్దుతున్న మా ఆవిడ, “అక్కడికి గోంగూర పచ్చడి పట్టుకెల్లమంటే బరువంతావు. ఇయ్యేటి?” అని ఒక డబ్బా పైకెత్తి చూసింది. చెప్పాను. పచ్చడి సీసా తనే తీసి పక్కన పెట్టేసింది.

తిరిగి వెళ్ళగానే ఆ సంచి పెద్దసారు బల్ల మీద పెట్టాను. ఆయన ఒక డబ్బా తిప్పి చూశాడు.

“ఎక్కడివి?”

“మా ఊరి దగ్గరివి. కంపెనీవే. నంబరు చూడండి.”

“ఆమోదించిన సరఫరాదారు నుంచి వచ్చినవి కావు.”

“మన దగ్గరి నిపుణుడితో పరీక్ష చేయించండి. ఒక పూట పని.”

“అలాంటి పరీక్షకు నియమం లేదు” అన్నాడు. సంచిని స్టోరు బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. “ఇది నిన్ను కాపాడటానికే” అని నా భుజం తట్టాడు కూడా. ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. అదే నాకు మంట.

గునపం

తర్వాత ఒక ఉదయం అవతలి ఊరి నుంచి రేడియోలో కేక వచ్చింది. తుపాకులతో మనుషులు దిగారు, రండి, రండి. హెలికాప్టరు వేరేచోట ఉంది. పెద్దసారు రాజధానిలో ఉన్నాడు, తాళంచెవి ఆయన జేబులో ఉంది. దళాధిపతి పడవలు దించమన్నాడు. దించారు. ముందు పడవ ఏటి మధ్యకు కూడా చేరకుండానే పొగలు కక్కి, ప్రవాహంలో కొట్టుకుని వెనక్కి వచ్చింది.

కామయ్య తడిసిన బట్టలతో స్టోరు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. “సార్, తాళం?”

“రాజధానిలో ఉంది.”

“మరైతే గునపమున్నాదా?”

నేనే తెచ్చాను. బీరువా తలుపు నేనే పెకలించాను. అతను ఒడ్డున మోకాళ్ళ మీద కూర్చుని, మిగిలిన పడవల పంపులు విప్పి చక్రాలు ఎక్కించాడు. మార్త వచ్చి పడవెక్కి కూర్చుంది. ఎక్కమని ఎవరూ అనలేదు, దిగమనే ధైర్యం ఎవరికీ లేదు. నేనూ ఎక్కాను. ఇంజిన్లు ఒక్కసారి కూడా మొరాయించలేదు. మా బరంపురం చక్రాలతో ఆ బురదనీటిలో పడవలు బ్రహ్మాండంగా వెళ్ళాయి.

మేం చేరేసరికి ముఠావాళ్ళు వెళ్ళిపోయారు. ఇళ్ళు కాలుతున్నాయి. బతికినవాళ్ళు గడ్డిలోంచి ఒక్కొక్కరే లేచి వచ్చారు. మార్త తల్లి ఒడ్డుకు రాలేదు. మేకల దొడ్డి దగ్గర ఆవిణ్ణి ముందుగా చూసినవాడు కామయ్య. వెనక్కి తిరిగి, రెండు చేతులూ చాపి మార్తకు అడ్డం నిలబడ్డాడు. ఆమె అతన్ని తోసేసి వెళ్ళింది.

ఆ తర్వాత విచారణ జరిగింది. దేని మీదో తెలుసా? బీరువా పగలగొట్టడం మీద. ఆమోదం లేని విడిభాగాలు వాడటం మీద. నన్ను అడిగారు, కామయ్యను అడిగారు, గునపం ఎవరిదని కూడా అడిగారు. ఆ ఊరు గురించి ఒక్క ప్రశ్న లేదు. పడవలు ఎందుకు ఒడ్డున ఉన్నాయని ఎవరూ అడగలేదు. అడిగితే జవాబులో వాళ్ళందరి పేర్లూ వస్తాయి గదా. పెద్దసారు మాత్రం నిబంధనలు చక్కగా పాటించాడని రాశారు. సిగ్గులేని రాత అది, ఇప్పుడూ అదే అంటాను.

పిల్లలూ, మీరు కొనేటప్పుడు నాలుగు మాటలు గట్టిగా అడగండి. ఇది ఏ నీళ్ళలో, ఏ దుమ్ములో తిరుగుతుంది? ఏ భాగం ముందు పాడవుతుంది? అది దీంతోపాటే ఎందుకు రావడం లేదు? చిన్న భాగాన్ని దగ్గర్లో కొని, పరీక్షించి బిగించే అధికారం శిబిరంలో ఎవరికుంది? ఎవరికీ లేదంటే ఆ అధికారం ఇచ్చేదాకా సంతకం పెట్టకండి. కొనే అధికారిని ఏడాదికొకసారి ఆ పడవలో కూర్చోబెట్టి వానాకాలంలో ఏరు దాటించాలని నేను పైకి రాశాను. జోకు అనుకున్నారు.

మార్త చెప్పిన తర్జుమా

చివరికి ఆమోదం పొందిన చక్రాలు విమానంలో వచ్చాయి. అవే డబ్బాలు, అదే నంబరు. గస్తీ మళ్ళీ మొదలైందని చెప్పి ఆ ఊరివాళ్ళకు ధైర్యం కలిగించాలని, రాజధాని నుంచి ఒక పెద్ద అధికారి వచ్చాడు. వెంట పెద్దసారూ, కెమెరాలూ. విచారణలో నా సంగతి ఇంకా తేలలేదు, ఉద్యోగంలోనే ఉన్నాను గనుక నన్నూ పడవెక్కించారు. మార్తను సెలవు తీసుకోమన్నాను. “నేనే చెబుతాను” అంది.

కాలిన ఇళ్ళ మధ్య ఊరివాళ్ళను కూర్చోబెట్టారు. అధికారి చాలాసేపు మాట్లాడాడు. అంతర్జాతీయ సమాజం, తిరుగులేని నిబద్ధత, మీ దుఃఖం మా దుఃఖం. ఆగి మార్త వైపు చూశాడు. మార్త ఊరివాళ్ళకు ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది.

కామయ్యకు సంతల్లో తిరిగి ఆ భాష కొంత వచ్చు. నా చెవి దగ్గర, “సార్, పడవలు బాగైపోనాయంట అని సెప్పింది. అంతే” అన్నాడు.

ముందు వరసలో ఒక ముసలాయన చెయ్యెత్తి ఏదో అడిగాడు. మార్త ఇంగ్లీషులో అధికారికి చెప్పింది. “ఎప్పుడు బాగయ్యాయి అని అడుగుతున్నాడు.”

అధికారి పెద్దసారు వైపు చూశాడు. పెద్దసారు నా వైపు చూసి, సాంకేతిక విషయాలు మా సరఫరా అధికారి చెబుతాడన్నాడు. ఏదో ఒక తేదీ చెప్పి ఊరుకుంటాననుకున్నాడు.

నేను లేచి నిలబడ్డాను. “మీ ఊరు తగలబడిన రోజున, మీరు పిలిచిన తర్వాత బాగయ్యాయి. వాటికి కావలసిన చక్రాలు అంతకు ముందునుంచే మా బీరువాలో ఉన్నాయి. తాళం వేసి పెట్టుకున్నాం. బిగించి ఉంటే మేం సమయానికి వచ్చేవాళ్ళం” అన్నాను.

పెద్దసారు నా మోచెయ్యి పట్టుకుని లాగాడు. అధికారి మార్తతో, ఇది అనువదించనక్కరలేదు అన్నాడు. నా ఉద్యోగం ఆ వారంలోనే పోయింది, అది వేరే సంగతి.

మార్త ఆ అధికారి వైపు తిరగనైనా తిరగలేదు. ముసలాయన ఎదురుగా నేల మీద కూర్చుని, ఆయన చెయ్యి పట్టుకుని, నేను చెప్పినదంతా ఒక్క మాట వదలకుండా చెప్పింది.